గడియారం ఎవరి చేతిలో ఉంది? - నాలుగు ఇంటర్వ్యూలు, ఒక ఆఫరు, కొంచెం చరిత్ర



ఈ మధ్య మన పిల్లలు ఫోన్ చేసి నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నాలుగు కంపెనీల్లో ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. ఒకళ్ళు ఆఫర్ ఇచ్చి ఎల్లుండిలోగా చెప్పమంటున్నారు. మిగతా మూడూ ఇంకా తేలలేదు. ఏం చెయ్యమంటావ్?" ఇండియాలో ఉన్న అమ్మానాన్నలేమో "ఇంటికొచ్చిన లక్ష్మిని కాదనకూడదు నాయనా, ఒప్పేసుకో" అంటారు. రూమ్మేట్లేమో "ముందు ఊఁ అనెయ్, మంచిదొస్తే మానెయ్యొచ్చు" అంటారు. ఈ రెండు సలహాల మధ్య నలిగిపోతూ ఒక రాత్రి నిద్ర పోగొట్టుకోని వాళ్ళు మన సాఫ్ట్‌వేర్ జనంలో తక్కువే ఉంటారు.

ఈ చిక్కు మనతో మొదలవలేదు. ఇదే దేశంలో, దాదాపు ఎనభై ఏళ్ళ క్రితం, డాక్టర్ చదువు చదివే పిల్లలందరూ ఏటా ఇదే బాధ పడ్డారు. పడీ పడీ చివరికి దానికో మందు కనిపెట్టారు. ఆ మందు ఇప్పటికీ పని చేస్తోంది. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒకరు డాక్టరో ఒకరు సాఫ్ట్‌వేరో ఉండటం మామూలే కాబట్టి, ఈ పూట డాక్టర్ల కథ చెప్పి, దానిలోంచి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పనికొచ్చేదేమిటో చూద్దాం.

మన గుంటూరు, కర్నూలు మెడికల్ కాలేజీల్లో చదువు అయ్యాక హౌస్ సర్జన్ అంటామే, అలాంటిదే ఇక్కడి ఇంటర్న్‌షిప్. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అది అమెరికాలో స్థిరపడింది. చదువు ముగిసిన కుర్ర డాక్టరు ఏడాదిపాటు ఆసుపత్రిలోనే ఉండి రాత్రీ పగలూ పని చెయ్యాలి. జీతం నామమాత్రం. ఆసుపత్రికి అది చాలా లాభసాటి బేరం, తక్కువ ఖర్చుతో చదువుకున్న మనిషి దొరికేవాడు. అందుకని ప్రతి ఆసుపత్రీ ఇంటర్న్‌లు కావాలంది. స్థానాలు ఎక్కువయ్యాయి, చదువు పూర్తి చేసే పిల్లలు తక్కువయ్యారు.

సరుకు తక్కువై కొనేవాళ్ళు ఎక్కువైతే ఏమవుతుందో మనకి తెలుసు. పంట కోతకి రాకముందే బేరగాడు తోటలోకి వస్తాడు. ఇక్కడా అదే జరిగింది. పక్క ఆసుపత్రి కంటే ముందు మనమే అడుగుదాం అని ఒకళ్ళు, వాళ్ళ కంటే ముందు మనం అని ఇంకొకళ్ళు. 1944 నాటికి పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే, నాలుగేళ్ళ చదువులో మూడో ఏడు మొదట్లోనే, అంటే ఇంటర్న్‌గా చేరడానికి సుమారు రెండేళ్ళ ముందే, ఒప్పందం అయిపోయేది. ఆ కుర్రాడు మంచి డాక్టరు అవుతాడో లేదో ఆసుపత్రికి తెలియదు. తనకి సర్జరీ ఇష్టమో పిల్లల వైద్యం ఇష్టమో కుర్రాడికీ ఇంకా తెలియదు. ఇద్దరూ గుడ్డిగా చేతులు కలిపేవారు.

దీన్ని ఆపడానికి 1945లో మెడికల్ కాలేజీల సంఘం ఒక ఉపాయం చేసింది. విద్యార్థి మార్కుల వివరాలు, సిఫారసు ఉత్తరాలు ఫలానా తేదీ కంటే ముందు ఏ కాలేజీ బయటికి ఇవ్వకూడదు అంది. మార్కులు తెలియకపోతే ఆసుపత్రి ఎవరిని అడుగుతుంది? ఈ ఉపాయం పారింది. తేదీ మళ్ళీ చివరి సంవత్సరానికి వచ్చింది. సమస్య తీరిందనుకున్నారు.

కానీ తీరలేదు, ఇంకోచోట పొడుచుకొచ్చింది. మన ఫోన్ ప్రశ్న సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఒక విద్యార్థికి మూడో ఇష్టమైన ఆసుపత్రి నుంచి ఆఫర్ వచ్చింది. మొదటి ఇష్టమైన ఆసుపత్రి "నువ్వు వెయిటింగ్ లిస్టులో ఉన్నావు" అంది. ఆ పిల్లవాడు ఏం చేస్తాడు? వీలైనంత ఆలస్యంగా జవాబు చెబుదామని చూస్తాడు. మరి మూడో ఆసుపత్రి సంగతి? వీడు చివరి రోజు దాకా నాన్చి కాదంటే, వాళ్ళ వెయిటింగ్ లిస్టులో వాళ్ళు అప్పటికే ఇంకోచోట చేరిపోయి ఉంటారు. అందుకని వాళ్ళు "త్వరగా చెప్పు" అంటారు. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం. ఆసుపత్రి చెడ్డదీ కాదు, విద్యార్థి దగాకోరూ కాదు. ఇద్దరికీ కావలసింది ఒకటే, కొంచెం సమయం. ఒకరికి దొరికిన సమయం ఇంకొకరికి నష్టం.

ఆ తర్వాత నాలుగైదేళ్ళు గడువు ఎలా కరిగిపోయిందో చూడండి. 1945లో జవాబు చెప్పడానికి విద్యార్థికి పది రోజులు ఇవ్వాలని నిర్ణయించారు. మరుసటి ఏడు అది ఎనిమిది రోజులైంది. అలా తగ్గుతూ తగ్గుతూ 1949కి వచ్చేసరికి కాలేజీల సంఘం చేసిన ప్రతిపాదన ఇది. నిర్ణయించిన రోజున అర్ధరాత్రి పన్నెండు గంటల ఒక నిమిషానికి ఆసుపత్రులు టెలిగ్రాములు ఇవ్వాలి, ఆ మధ్యాహ్నం పన్నెండు దాకా విద్యార్థిని జవాబు కోసం ఒత్తిడి చెయ్యకూడదు. అంటే పది రోజులు కాస్తా పన్నెండు గంటలైంది. ఆసుపత్రుల సంఘం దానికి కూడా ఒప్పుకోలేదు. పన్నెండు గంటలు మరీ ఎక్కువ అంది! చివరికి చేసిన తీర్మానంలో, పన్నెండు దాటి ఒక నిమిషం తర్వాత ఇంతసేపు ఆగాలన్న నిర్బంధమేమీ లేదని రాసుకున్నారు. టెలిగ్రాములు ముందే తంతి ఆఫీసులో ఇచ్చి పెట్టుకోవచ్చు, సరిగ్గా ఆ నిమిషానికి బట్వాడా అయ్యేలా.

1950లో మళ్ళీ పన్నెండు గంటల గడువు పెట్టారు. ఈసారి దానికో షరతు కలిపారు. టెలిగ్రాము ఇచ్చాక ఆ గడువు ముగిసేదాకా దాని వెనకాలే ఫోన్లు చెయ్యకూడదు. ఆ షరతు రాయవలసి వచ్చిందంటే అంతకు ముందు ఎన్ని ఫోన్లు మోగి ఉంటాయో మీరే ఊహించుకోండి. ఇప్పుడు రిక్రూటర్ శుక్రవారం సాయంత్రం ఆఫర్ పంపి శనివారం ఉదయం "ఏమనుకున్నారు?" అని మెసేజ్ పెడుతుంటే నాకు ఆ టెలిగ్రాములే గుర్తొస్తాయి.

గడువులతో కుస్తీ పట్టి అలిసిపోయాక అందరికీ ఒక సంగతి అర్థమైంది. గడియారాన్ని ఎంత ముందుకి తిప్పినా వెనక్కి తిప్పినా లాభం లేదు. అసలు గడియారమే లేకుండా చేస్తే? ఇంటర్వ్యూలన్నీ మామూలుగా జరగనివ్వండి. అన్నీ అయ్యాక విద్యార్థి తనకి నచ్చిన ఆసుపత్రులను వరుసగా ఒక కాగితం మీద రాస్తాడు. ఆసుపత్రి తనకి నచ్చిన విద్యార్థులను వరుసగా రాస్తుంది. రెండు రకాల జాబితాలూ ఒకచోటికి చేరుస్తారు. ఎవరికి ఎవరో అక్కడ తేలుస్తారు. దీనికే మ్యాచ్ అని పేరు.

1951లో ఈ పద్ధతి ప్రకటించినప్పుడు విద్యార్థులే దానిలో ఒక లోపం పట్టుకున్నారు. మొదట అనుకున్న లెక్క ప్రకారం, "నాకు నువ్వు ఒకటో నంబరు, నీకు నేను ఒకటో నంబరు" అనుకున్న జతలను ముందు కలిపేస్తారు. ఆ తర్వాతే మిగిలిన వాళ్ళ రెండో నంబర్లు చూస్తారు. వినడానికి బాగానే ఉంది. కానీ ధైర్యం చేసి ఒక పెద్ద ఆసుపత్రిని మొదట రాసిన వాడి గతి ఏమిటి? అక్కడ రాకపోతే, వాడి రెండో ఇష్టమైన చోటు అప్పటికే దాన్ని మొదట రాసిన ఇంకొకడికి వెళ్ళిపోయి ఉండొచ్చు. అంటే మనసులో మాట నిజాయితీగా రాసినవాడికి శిక్ష, లెక్క వేసి "వచ్చేదే" మొదట రాసినవాడికి బహుమతి. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో చదువుతున్న హార్డీ హెండ్రెన్ అనే విద్యార్థి ముందు నిలబడి, దేశంలోని మిగతా కాలేజీల విద్యార్థులను కూడగట్టి లెక్క మార్పించాడు. ఆ హెండ్రెనే తర్వాత పిల్లల సర్జరీలో చాలా పేరున్న డాక్టరు అయ్యాడు. ఈ కథలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇది. ఆ వ్యవస్థ ఎవరి జీవితాలను తేలుస్తుందో వాళ్ళే, ఇంకా పట్టా చేతికి రాని పిల్లలే, దాని లోపలి లెక్క చదివి ప్రశ్నించారు.

మార్చిన లెక్కతో 1952లో మొదటి మ్యాచ్ జరిగింది. సుమారు ఆరు వేలమంది విద్యార్థులు, పదివేలకు పైగా స్థానాలు. చేరమని ఎవరూ బలవంతం చెయ్యలేదు. అయినా అర్హులైన వాళ్ళలో నూటికి తొంభై అయిదు మందికి పైగా చేరారు.

ఆ లెక్క ఎలా పని చేస్తుందో సంబంధాల భాషలో చెబుతాను. ఇప్పుడు వాడుతున్న పద్ధతే చెబుతున్నాను. విద్యార్థి తన జాబితాలో మొదటి ఆసుపత్రి తలుపు తడతాడు. ఆసుపత్రి "సరే, ప్రస్తుతానికి కూర్చో" అంటుందే తప్ప తాంబూలాలు పుచ్చుకోదు. ఇంకాసేపటికి దానికి ఇంకా నచ్చిన విద్యార్థి వస్తే, కూర్చున్నవాణ్ణి పంపేసి వాణ్ణి కూర్చోబెడుతుంది. బయటికి వచ్చినవాడు తన జాబితాలో రెండో ఆసుపత్రికి వెళతాడు. అక్కడ అప్పటికే ఎవరో కూర్చుని ఉన్నా ఫరవాలేదు. ఆ ఆసుపత్రికి వీడే ఎక్కువ నచ్చితే వాడు లేస్తాడు, వీడు కూర్చుంటాడు. ఆలస్యంగా వచ్చాడని ఎవరికీ నష్టం లేదు. ఇక తట్టడానికి తలుపులు మిగలనప్పుడు, అప్పుడు, అందరికీ ఒకేసారి తాంబూలాలు. అందుకే మొదట మేడ ఇంటి తలుపు తట్టినంత మాత్రాన పక్కింటి అవకాశం పోదు.

ఇది మనకి కొత్త కూడా కాదు. ఎంసెట్ కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టినప్పుడు సీనియర్లు ఏం చెప్పేవారు? "రాదేమో అని భయపడి మంచి కాలేజీని కింద పెట్టకు, నీకు నచ్చిన వరుసలోనే పెట్టు" అనేవారు. అక్కడ ర్యాంకు ఒకటే అందరినీ వరుసలో నిలబెడుతుంది, ఇక్కడ ప్రతి ఆసుపత్రికీ దాని ఇష్టం దానిది. సూత్రం మాత్రం చుట్టమే.

తమాషా ఏమిటంటే, డాక్టర్లు ఆచరణలో తేల్చుకున్న ఈ సంగతిని గణిత శాస్త్రజ్ఞులు పదేళ్ళ తర్వాత విడిగా కనిపెట్టారు. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షేప్లీ అనే ఇద్దరు కాలేజీ అడ్మిషన్ల గురించి, పెళ్ళిళ్ళ నిలకడ గురించి కొద్ది పేజీల వ్యాసం రాశారు. అందరూ తమ తమ ఇష్టాలు వరుసగా చెబితే, ఏ ఇద్దరూ "మనకి కుదిర్చిన జతలు వదిలేసి మనిద్దరం కలిసిపోదాం" అనుకోని విధంగా జతలు కుదర్చడం ఎప్పుడూ సాధ్యమే అని నిరూపించారు. ఆల్విన్ రాత్ అనే ఆర్థికవేత్త 1984లో డాక్టర్ల చరిత్ర తవ్వి తీసి, మ్యాచ్‌లో వాడుతున్న లెక్కా ఈ గణితమూ ఫలితంలో ఒకటేనని చూపించాడు. నేను ఇందాక చెప్పిన టెలిగ్రాముల సంగతులు కూడా ఆయన పరిశోధనలో ఉన్నవే. ఒక్క తేడా ఉంది. ఆ రోజుల్లో తలుపు తట్టేది ఆసుపత్రి, తేల్చేది విద్యార్థి. వినడానికి విద్యార్థిదే పైచేయిలా ఉంటుంది గానీ, గణితం ప్రకారం తలుపు తట్టే వైపుకే మొగ్గు. రాత్, ఎలియట్ పెరాన్సన్ కలిసి దాన్ని తిరగేసి విద్యార్థే తట్టేలా మార్చారు. 1998 నుంచి ఆ కొత్త లెక్క నడుస్తోంది. నిజానికి ఆ మార్పుతో ఫలితం మారేది వెయ్యిమందిలో ఒక్కరికే అని వాళ్ళే లెక్క కట్టారు. అయినా మార్చారు. 2012లో రాత్, షేప్లీలకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. గేల్ 2008లోనే చనిపోయారు.

మధ్యలో ఇంకో చిక్కు వచ్చింది. 1970ల నుంచి మెడికల్ కాలేజీల్లో ఆడపిల్లలు బాగా పెరిగారు. క్లాసులోనే పెళ్ళిళ్ళు అయ్యాయి. భార్యకి ఒక ఊరు, భర్తకి ఇంకో ఊరు వస్తే ఎలా? అలాంటి జంటలు మ్యాచ్‌ని వదిలేసి విడిగా ఉద్యోగాలు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. దాంతో ఇద్దరూ కలిసి జంట జాబితా ఇచ్చే వీలు కల్పించారు. మన డాక్టర్ జంటలు ఇప్పుడు ఒకే ఊళ్ళో కాపురం చెయ్యగలుగుతున్నారంటే దాని వెనక ఈ మార్పు ఉంది.

మరి ఇండియా నుంచి వచ్చిన డాక్టర్ల మాట? ఉస్మానియా, గాంధీ, ఆంధ్రా, రంగరాయ కాలేజీల్లో చదివి ఇక్కడికి వచ్చిన వాళ్ళు చాలాకాలం పాత గడియారం కిందే ఉన్నారు. 2013 దాకా ఆసుపత్రులు విదేశీ డాక్టర్లకు మ్యాచ్ బయటే ఆఫర్లు ఇవ్వొచ్చు. దాన్ని ప్రీ-మ్యాచ్ అనేవారు. అమెరికా పిల్లలు తాపీగా జాబితా రాసుకుంటుంటే, మనవాళ్ళు "ఇప్పుడు సంతకం పెడతావా, మ్యాచ్ దాకా ఆగి ఏమీ రాకుండా పోతావా?" అన్న ప్రశ్న ఎదుర్కొన్నారు. వీసా భయం ఉన్నవాడు ఏం జవాబు చెబుతాడో వేరే చెప్పక్కర్లేదు. 2013 నుంచి నియమం మార్చారు. ఏ ఆసుపత్రి అయినా చేరితే తన స్థానాలన్నీ మ్యాచ్‌లోనే పెట్టాలి, లేదా అసలు చేరకూడదు. మ్యాచ్‌లో ఏదీ రాని వాళ్ళ కోసం ఉండే తొక్కిసలాట కూడా, అంటే ఆ ఫోన్లూ ఫ్యాక్సుల గందరగోళం కూడా, 2012లో ఒక పద్ధతిలోకి వచ్చింది. అందులో ఆఫర్ వస్తే రెండు గంటల్లో జవాబు చెప్పాలి. రెండు గంటలు తక్కువే. కానీ ఆ రెండు గంటలూ అందరికీ ఒకేసారి మొదలై ఒకేసారి ముగుస్తాయి.

మా పిన్ని కూతురు ఇండియాలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు మా బాబాయి నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ చిన్న ఊరి ఆసుపత్రి వాళ్ళు అమ్మాయికి ఎంత మంచి మెయిల్ రాశార్రా! నువ్వంటే మాకు చాలా ఇష్టమని. వాళ్ళని మొదట పెట్టమను. పెద్ద ఆసుపత్రిని మొదట పెడితే ఇదీ పోతుందేమో!" అన్నాడు. "బాబాయ్, మీరు చెప్పే భయం 1951లో నిజం. అప్పుడు విద్యార్థులు గొడవ చేసి మార్పించారు. ఇప్పుడు దాన్ని ఎన్నింట పెట్టినా, పైవి రాకపోతే దీనికి వచ్చేసరికి దాని అవకాశం చెక్కు చెదరదు. అది ఎక్కడ చదువుకోవాలని ఉందో ఆ వరుసే రాయనీయండి" అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అంటే మనసులో మాటే రాయమంటావ్" అన్నాడు. చెల్లికి రెండో నంబరు ఆసుపత్రి వచ్చింది. మెయిల్ రాసిన వాళ్ళు జాబితాలో నాలుగోవాళ్ళు.

మ్యాచ్‌లో అంతా మంచే ఉందని నేను అనను. ఫలితానికి ఇద్దరూ కట్టుబడి తీరాలి. నచ్చలేదని మారడం కుదరదు. జీతం మీద బేరం ఉండదు. ఇది జీతాలను తొక్కిపట్టే ఏర్పాటని 2002లో కొందరు కుర్ర డాక్టర్లు కోర్టుకి వెళ్ళారు. 2004లో కాంగ్రెసు మ్యాచ్‌కి చట్టం ద్వారా రక్షణ ఇచ్చింది, కేసు నిలవలేదు. అంటే డాక్టర్లు బేరం వదులుకుని సమయం సంపాదించుకున్నారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. మనకి బేరం ఉంది, సమయం లేదు.

మన విషయంలో గడియారాలు రెండు. ఒకటి కంపెనీది, రెండోది ప్రభుత్వానిది. 1990 చట్టంతో హెచ్-1బి పుట్టినప్పుడు ఏడాదికి 65,000 పరిమితి పెట్టారు. వై2కే రోజుల్లో అది చాలక 1998 చట్టంతో 1,15,000 కి, 2000 చట్టంతో మూడేళ్ళపాటు 1,95,000 కి పెంచారు. తర్వాత మళ్ళీ 65,000 కే వచ్చి, ఇక్కడ మాస్టర్స్ చేసిన వాళ్ళకి మరో 20,000 కలిసింది. అందరూ ఈ అంకెల గురించే మాట్లాడతారు గానీ, 2000 అక్టోబరు చట్టంలో ఇంకో చిన్న మార్పు ఉంది. అంతకు ముందు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారాలంటే కొత్త పిటిషన్ మంజూరయ్యేదాకా ఆగాలి. నెలల తరబడి ఎదురు చూసే కంపెనీ ఏది? ఆ చట్టం తర్వాత కొత్త కంపెనీ పిటిషన్ వేస్తే చాలు, చేరిపోవచ్చు. రెండో ఇంటర్వ్యూకి వెళ్ళడానికి మనవాళ్ళకి నిజమైన అర్థం అప్పుడే వచ్చింది.

ఉద్యోగం పోతే ఎన్నాళ్ళు ఉండొచ్చు అన్నదానికి కూడా చాలాకాలం స్పష్టమైన గడువే లేదు. 2017 జనవరి నుంచి గరిష్ఠంగా 60 రోజులు ఇచ్చారు. ఓపీటీ మీద ఉన్న విద్యార్థికి ఉద్యోగం లేకుండా ఉండగల రోజులు 90, స్టెమ్ పొడిగింపుతో కలిపి 150. ఇంటర్వ్యూ బల్లకి అవతల కూర్చున్నవాళ్ళకి ఈ రోజుల లెక్క బాగా తెలుసు. వాళ్ళిచ్చే గడువు మనల్ని అంతగా భయపెట్టేది అందుకే.

లాటరీ సంగతి చెబితే మ్యాచ్‌కీ దీనికీ సంబంధం ఇంకా బాగా తెలుస్తుంది. 2020లో ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ వచ్చింది, రుసుము అప్పట్లో 10 డాలర్లు. ఒకే మనిషికి ఎన్ని కంపెనీలు రిజిస్టర్ చేస్తే అన్ని చీట్లు. ఇంకేముంది, కొందరు ఉద్యోగం కోసం కాకుండా చీటీ కోసమే ఆఫర్లు పోగేశారు. 2023 మార్చిలో అర్హమైన రిజిస్ట్రేషన్లు 7,58,994 వస్తే, వాటిలో 4,08,891 ఒకటి కంటే ఎక్కువ చీట్లు ఉన్నవాళ్ళవే. ఒకే ఒక్క నిజమైన ఆఫర్‌తో నిలబడ్డ పిల్లలకి జరిగిన అన్యాయం ఇది. 2024 మార్చిలో నియమం మార్చి, ఎంతమంది రిజిస్టర్ చేసినా మనిషికి ఒకే చీటీ అన్నారు. ఆ ఏడు అర్హమైన రిజిస్ట్రేషన్లు 4,70,342 కి తగ్గాయి. ఇందులో చాలామంది గమనించని మేలు ఇంకోటి ఉంది. పేరు వచ్చాక, రిజిస్టర్ చేసిన కంపెనీల్లో ఎవరైనా పిటిషన్ వెయ్యొచ్చు. రెండు నిజమైన ఆఫర్లు ఉన్నవాడికి ఎంపిక తన చేతికి వచ్చింది. ఈ నియమాలు ఏటా మారుతున్నాయి. 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటన కూడా చూశాం. కాబట్టి మీ మీ విషయంలో లాయరుని అడగకుండా అడుగు వెయ్యకండి.

మరి మ్యాచ్ లేని మనం ఏం చెయ్యాలి? చరిత్ర నుంచి నాలుగు మాటలు ఏరుకోవచ్చు.

మొదటిది, ఇంటర్వ్యూలన్నీ వీలైనంత వరకు ఒకే వారం, పది రోజుల్లో పడేలా చూసుకోండి. బాగా ఇష్టమైన కంపెనీని మరీ చివర పెట్టుకోకండి.

రెండోది, గడువు అడగడం తప్పు కాదు. నేను మాస్టర్స్ అయిన కొత్తలో ఒక కంపెనీ గురువారం ఆఫర్ ఇచ్చి సోమవారంలోగా చెప్పమంది. ఇంకో రెండు ఇంటర్వ్యూలు ఆ పై వారంలో ఉన్నాయి. "మీ ఆఫర్ నాకు ఇష్టమే. మరో రెండు చోట్ల మాట ఇచ్చి ఉన్నాను. శుక్రవారం సాయంత్రానికి తప్పకుండా చెబుతాను" అని రాశాను. బుధవారం దాకా ఇచ్చారు. ఆ మెయిలే మిగతా ఇద్దరికీ పంపి, మంగళవారానికి ఇంటర్వ్యూ జరపగలరా అని అడిగితే ఒకళ్ళు ఒప్పుకున్నారు. విద్యార్థులైతే ముందు మీ కెరీర్ సెంటర్‌ని అడగండి. కంపెనీలు కనీసం ఇన్ని రోజులు ఇవ్వాలని నియమం పెట్టిన యూనివర్సిటీలు చాలా ఉన్నాయి.

మూడోది, లేని ఆఫర్ ఉందని చెప్పకండి, ఒప్పుకున్నది వదిలేయకండి. మీరు నాన్చి వదిలేస్తే, ఆ కంపెనీ వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకో తెలుగు పిల్ల అప్పటికే ఎక్కడో ఇష్టం లేని చోట చేరిపోయి ఉంటుంది. కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో జాగ్రత్త. ఒకే క్లయింటుకి ఇద్దరు వెండర్ల ద్వారా రెజ్యూమె పంపనివ్వకండి. రెండూ బుట్టలో పడే ప్రమాదం ఉంది. ఎవరికి ఏ క్లయింటు కోసం ఎప్పుడు అనుమతి ఇచ్చారో ఒక పుస్తకంలో రాసుకోండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఏ ఆఫరూ చేతికి రాకముందే మీ జాబితా మీరు రాసుకోండి. డాక్టర్ పిల్లలు ఫిబ్రవరిలో ఒంటరిగా కూర్చుని రాసుకున్నట్టే. పని, ఊరు, జీతం, గ్రీన్ కార్డు, మీ ఆయన లేక మీ ఆవిడ ఉద్యోగం, అన్నీ ఆలోచించి వరుసగా కాగితం మీద పెట్టండి. తర్వాత ఎవరు గడియారం చూపించినా ఆ కాగితం చూసి జవాబు చెప్పండి. అది మొదటి నంబరైతే వెంటనే ఊఁ అనండి, ఆగి సాధించేదేమీ లేదు. నాలుగో నంబరైతే, మీ వీసా రోజులు లెక్క చూసుకుని, ఆగగలిగితే ఆగండి. ఆగలేని పరిస్థితి అయితే ఒప్పుకోండి, అందులో చిన్నతనం లేదు. 2013 ముందు ప్రీ-మ్యాచ్ సంతకం పెట్టిన మన డాక్టర్లు ఎంతమందో ఇవాళ ఊళ్ళకి ఊళ్ళు కాపాడుతున్నారు.

అమ్మానాన్నలకి కూడా ఒక మనవి. పిల్లలు నాలుగు చోట్ల ఇంటర్వ్యూలకి వెళ్ళడం దురాశా కాదు, విశ్వాసం లేకపోవడమూ కాదు. వచ్చిన లక్ష్మిని కాదనమని నేను అనడం లేదు. ఆవిడని కాసేపు కూర్చోమని, మంచినీళ్ళు ఇచ్చి, ఇంట్లో మాట్లాడుకునే వ్యవధి అడగమంటున్నాను. న్యాయమైన లెక్క కోసం 1951లో విద్యార్థులు దేశమంతా ఒక్కటై అడిగారు. ఈ వ్యవధిని మన పిల్లలు ఒక్కొక్కరే ఒక మెయిల్ రాసి అడగాలి. ఆ మెయిల్ రాసేటప్పుడు పక్కన ఉండి, "అడుగు నాయనా, ఫరవాలేదు" అనండి చాలు.